తగ్గించుకుంటూ రావాలి

మా వదిన జోజమ్మ అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూసేది కాదు. గుండిగ మీద మూత కాస్త పక్కకు జరిపి, పైకొచ్చిన ఆవిరి ఒక్కసారి పీల్చి, "దించండి" అనేది. అరవై మంది ఆడపిల్లలు తినే అన్నం అది. ఆమె దించమన్నాక ఇంకో నిమిషం ఉంచితే ముద్దయ్యేది, నిమిషం ముందు దించితే పలుకుండేది. తిరువూరులో సిస్టర్లు నడిపే చిన్న బోర్డింగులో తొమ్మిదేళ్ళు అలాగే వండింది. ఆ పొయ్యిల పొగే ఆమె ఊపిరికి అడ్డం పడింది.

జోజమ్మ మా ఆయన అంతోనయ్యకు అక్క. ఇద్దరూ ఎ.కొండూరు దగ్గర పల్లెలో పుట్టారు. తల్లి తొందరగా పోతే, తమ్ముణ్ణి గట్టు మీద పడుకోబెట్టి కలుపుకి వెళ్ళేదట. రెడ్డిగూడెం మామిడితోటలో కాపలా ఉండే శాంతయ్యకిచ్చి పెళ్ళి చేశారు. మూడో ఏడు ఆ తోటలోనే పాము కరిచి అతను పోయాడు. పిల్లల్లేరు. రేకు పెట్టె ఒకటి పట్టుకుని తిరువూరులో తమ్ముడి దగ్గరికి వచ్చేసింది. అప్పటికి ఆమెకు ఇరవై నాలుగు. మళ్ళీ పెళ్ళి మాట ఎవరు ఎత్తినా, "నాకు అరవై మంది కూతుళ్ళున్నారు, వాళ్ళకి ఒప్పుకునేవాణ్ణి చూడండి" అని నవ్వేసేది.

నన్ను ఆ ఇంటికి ఏరి తెచ్చింది ఆమే. పెళ్ళిచూపులకు ఒక్కతే వచ్చింది. పాట పాడమనలేదు, జడ చూపించమనలేదు. పొయ్యి మీదున్న అన్నం వార్చమంది. నేను వారుస్తుంటే పక్కన గొంతుక్కూర్చుని గంజిలోకి చూసింది. "మెతుకు జారలేదత్తా. మావాడికి ఈ పిల్ల చాలు" అంది మా అమ్మతో. అబ్బాయి చూడొద్దా అని మా అమ్మ అడిగితే, "వాడేం చూస్తాడు, సున్నం కలుపుకుంటున్నాడు" అంది. మా ఆయన తాపీ మేస్త్రి. పెళ్ళిరోజు దాకా నేను ఆయన ముఖం చూడలేదు. జోజమ్మను చూసి ఒప్పుకున్నాను. అందుకు నేనెప్పుడూ బాధపడలేదు.

దగ్గు ఎప్పుడు మొదలైందో ఎవరమూ పట్టించుకోలేదు. వంటమనిషి దగ్గడం వింతేముంది? పచ్చి కట్టెలు వచ్చినప్పుడు ఎక్కువయ్యేది, వేసవిలో తక్కువయ్యేది. తర్వాత పిల్లికూతలు మొదలయ్యాయి. ఆమె మెట్లెక్కుతుంటే గుండెల్లో పిల్లిపిల్ల ఉన్నట్టు వినపడేది. దివిసీమ ఉప్పెనకు ముందటి ఏడు, క్రిస్మసు వారం ఉందనగా, పోపులో మిరపకాయ మాడి ఆ ఘాటు తగిలి వంటశాల గుమ్మంలో కూలబడిపోయింది. పెదవులు నేరేడుపండులా అయ్యాయి. మా ఆయనా నేనూ ఇద్దరం కలిసి ఆమెను బస్సులో బెజవాడ తీసుకెళ్ళాం.

అక్కడి డాక్టరుగారు మంచివారే. ఇంజక్షన్ ఇచ్చి, అరగంట కూర్చోబెట్టి, చీటీ రాశారు. పెసరబద్దంత తెల్ల మాత్రలు. రోజుకి నాలుగు వేసుకోవాలన్నారు. లేచి వస్తుంటే వెనక్కి పిలిచి మరీ చెప్పారు.

"పది రోజులయ్యాక తగ్గించుకుంటూ రావాలమ్మా. మర్చిపోకండి."

ముగ్గురం విన్నాం. ముగ్గురం తల ఊపాం. మా ఇళ్ళల్లో తగ్గడమంటే జబ్బు తగ్గడమే. జ్వరం తగ్గిందా, నొప్పి తగ్గిందా అంటాం. రావడమంటే బస్సెక్కి రావడమే. జబ్బు తగ్గించుకుని మళ్ళీ నా దగ్గరికి రండి అన్నారని మేము విన్నాం. ఆయన చెప్పింది మాత్రల సంగతి. నాలుగుని మూడు చేయాలి, మూడుని రెండు చేయాలి, రెండుని ఒకటి చేసి, ఒకటిని సగం చేసి, అప్పుడు మానాలి. అంత చిన్న మాట అంత పెద్దగా తప్పు వినొచ్చని మాకెవరికీ తోచలేదు.

జనవరికల్లా ఆమె గుండెల్లో పిల్లి మాయమైపోయింది. మెట్లు గబగబా ఎక్కేది. పొయ్యి దగ్గర నిలబడి పిల్లల్ని కేకేస్తే పూర్వంలాగే ప్రహరీ అవతలికి వినపడేది. ఇంత మేలు చేసిన మాత్రల్ని ఎవరాపుతారు? తెల్లవారుజామున మాత్రం అప్పుడప్పుడు కాస్త ఆయాసం ఉండేది. అంటే పూర్తిగా తగ్గలేదనుకున్నాం. తగ్గాక వెళదామనుకున్నాం. మందుల షాపు పీర్‌సాహెబ్‌గారు ఆ పాత చీటీ చూసే మాత్రలిచ్చేవారు. ఆయన ఒకసారి మా ఆయనతో, "అంతోనీ, ఇంకా ఇవేనా? డాక్టరుగారికి ఒకసారి చూపించు" అన్నారట. "తగ్గాక రమ్మన్నారు సాయిబుగారూ" అని మా ఆయన చెప్పారట. పెద్ద డాక్టరు చెప్పిన మాట మీద ఇంకేమనగలరాయన?

సంక్రాంతి నెల దాటేసరికి వదిన ఒళ్ళు చేసింది.

ముందు మొహం నిండింది. ఎప్పుడూ దవడ ఎముకలు కనపడే మనిషికి బుగ్గలొచ్చాయి, ఎరుపు కూడా తేలాయి. గుడి దగ్గర అందరూ అదే మాట. "జోజమ్మా, బెజవాడ డాక్టరు నీకు పదేళ్ళు తగ్గించాడే" అనేవారు. ఆమె సంతోషపడేది. నేను దిష్టి తీసేదాన్ని. మిరపకాయలు నిప్పుల్లో వేస్తే ఆమెకు ఊపిరాడదని ఒట్టి ఉప్పుతోనే తీసేదాన్ని. ఆ నెలలోనే బోర్డింగు పిల్లలతో కలిపి ఫోటో తీశారు. మా ఇంట్లో ఆమెది ఆ ఫోటో ఒక్కటే ఉంది. చూసినవాళ్ళు, ఇంత ఆరోగ్యంగా ఉన్న మనిషి ఎలా పోయిందని అడుగుతారు. అది ఆమె మొహం కాదని చెప్పడం నాకు చేతకాదు. ఆమె అసలు మొహం ఎలా ఉండేదో నేను కూడా ఒక్కోసారి కళ్ళు మూసుకుని వెతుక్కోవలసి వస్తోంది. వెతికితే ముందు ఈ గుండ్రటి మొహమే వస్తుంది.

తర్వాత మెడ వెనక కండ పెరిగింది. పై పెదవి మీద నూగు వచ్చింది. చెయ్యి ఎక్కడ తగిలినా నల్లగా కమిలిపోయేది. కాళ్ళూ చేతులూ మాత్రం సన్నగానే ఉన్నాయి, ఇంకా సన్నబడ్డాయి కూడా. నడుం దగ్గర, కడుపు దగ్గర మాత్రం పెరుగుతోంది. ఆమె రవికలు కుట్లు విప్పి వెడల్పు చేసింది నేనే. రెండోసారి విప్పేటప్పుడు లోపల బట్ట మిగల్లేదు, వేరే ముక్క వేసి కుట్టాను. కుడుతూ ఇంకో సంగతి గమనించాను. పెరటి తీగ మీద ఆమె నెలసరి గుడ్డలు ఆరేసి రెండు నెలలు దాటింది. అడగలేదు. ముప్పై ఏడేళ్ళకే ఆగిపోతుందా అని మనసులో అనుకుని, ఆగినా ఆగుతుందిలే అని సరిపెట్టుకున్నాను.

ఆకలి ఒకటి. అది మామూలు ఆకలి కాదు. వడ్డించిన పది నిమిషాలకే మళ్ళీ గిన్నె వైపు చూసేది. తన ఆకలికి తనే సిగ్గుపడేది. "చిట్టెమ్మా, నా కడుపులో ఎవరో కూర్చుని తింటున్నారే" అంది ఒకరోజు. ఆమె మామూలుగానే అంది. నేనే ఉలిక్కిపడ్డాను.

విభూది బుధవారం వచ్చింది, ఈస్టరు ముందు నలభై రోజుల తపస్కాలం మొదలైంది. మా గుడి విచారణ కిందున్న ఊళ్ళల్లో పెద్దవాళ్ళందరూ ఒంటిపూట ఉంటారు. వదిన చిన్నప్పటి నుంచీ ఒక్క ఏడూ తప్పలేదు. ఆ ఏడు ఉండలేకపోయింది. మొదటి శుక్రవారం, శిలువమార్గం ప్రార్థనకు వెళ్ళే ముందు, బోర్డింగు వెనక గోడ దగ్గర చద్దన్నం తింటూ మాణిక్యమ్మ కంట పడింది.

మాణిక్యమ్మ మా పక్కింటావిడ. చెడ్డది కాదు. పురుళ్ళకీ చావులకీ ఎవరూ పిలవకుండానే వచ్చి పనంతా మీద వేసుకునే మనిషి. ఏడుగురిని కన్నది. ఆడదాని నడక చూసి నెల చెప్పగలనని ఆవిడకు ఒక గర్వం. ఆ గర్వమే ఆవిడ చేత లెక్క వేయించింది.

మార్చి నెలలో కుళాయి దగ్గర నీళ్ళు పడుతుంటే ఆవిడ నా పక్కకు వచ్చి, కొంగులోంచి నాలుగు పచ్చి మామిడికాయలు తీసి నా బిందె పక్కన పెట్టింది.

"మీ వదినకియ్యవే. ఇలాంటప్పుడు పులుపు మీదికి పోతుంది మనసు."

చుట్టూ ఉన్నవాళ్ళు బిందెల్లోకి చూశారు. ఎవరూ నవ్వలేదు. ఆ మాట నాకు అర్థమయ్యేసరికి ఇంటికొచ్చేశాను. కాయలు పారేద్దామనుకునేలోపే వదిన వచ్చి చూసింది. ఒకటి తీసి తొడిమ దగ్గర వాసన చూసింది. "మా రెడ్డిగూడెం కాయలే ఇవి" అంది. తోటలో మూడేళ్ళు బతికిన మనిషి. ఉప్పూకారం అద్దుకుని నాలుగూ తినేసింది. ఎంత తృప్తిగా తిన్నదో చెప్పలేను. నేను గుమ్మం దగ్గర నిలబడి, వీధిలోంచి ఎవరైనా చూస్తున్నారేమోనని తలుపు దగ్గరికి వేశాను. ఆ తలుపు వేసినప్పుడే నా మనసులోకి అనుమానం వచ్చి కూర్చుంది. అప్పుడు నాకు తెలియలేదు.

వారం తిరక్కుండా పెద్ద సిస్టరు వదినను పిలిచి, ఆరోగ్యం కుదుటపడేదాకా ఇంటిపట్టున ఉండమన్నారు. మెత్తగానే చెప్పారట. ఆరోగ్యం బాగానే ఉందని ఈమె అన్నదట. సిస్టరు ఆమె మొహం చూడకుండా, పిల్లలున్న చోటు కదా జోజమ్మా అన్నారట. వదిన ఇంటికొచ్చి గుమ్మంలో కూర్చుంది. తర్వాత నన్ను అడిగింది.

"ఆ కాయలు మాణిక్యమ్మ ఎందుకిచ్చిందే?"

నేను తల దించుకున్నాను. ఆమెకు అర్థమైపోయింది. ఏడవలేదు. లోపలికెళ్ళి మాత్రల డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఈ ఉబ్బంతా వీటిదే. ఇవి మానేస్తే అదే తీస్తుంది. ఇది నీ దగ్గర దాచు, కనపడితే వేసుకుంటాను. మట్టలాదివారం నాటికి పాత రవికలు పట్టాలి నాకు. ఆ రవిక తొడుక్కుని గుడి ముందు నడుస్తాను, కొలుచుకునేవాళ్ళు కొలుచుకుంటారు."

ఆయాసం వస్తేనో అన్నాను.

"వస్తే దగ్గుతాను. దగ్గితే పరువు పోదుగా."

మట్టలాదివారం, అంటే ఈస్టరుకి ముందరి ఆదివారం, ఇంకా ఎనిమిది రోజులుంది. మా ఆయన నెమలి అనే ఊళ్ళో ఎవరిదో ఇల్లు కడుతూ అక్కడే ఉన్నారు, శనివారాలు వచ్చేవారు. ఆయనకు చెప్పొద్దంది. నేను డబ్బా తీసుకెళ్ళి బియ్యం డ్రమ్ములో, బియ్యం అడుగున పెట్టాను.

రెండు రోజులు బాగానే ఉంది. ఆయాసం రాలేదు. చూశావా అన్నట్టు నా వైపు చూసేది. మూడో రోజు కీళ్ళు లాగుతున్నాయంది. నాలుగో రోజు లేవడానికి గోడ పట్టుకుంది. అన్నం చూస్తే మొహం తిప్పుకుంది. అంత ఆకలి ఒక్కసారిగా ఎక్కడికి పోయిందో తెలియలేదు. గురువారం పొద్దున వాంతులు మొదలయ్యాయి.

ఆ మాత్రలు నెలల తరబడి తిన్న ఒంటికి, అవి ఉన్నట్టుండి ఆపితే నీరసం వస్తుందట, వాంతులు అవుతాయట, రక్తపోటు పడిపోతుందట. తన సత్తువ తాను తయారుచేసుకోవడం ఒళ్ళు మర్చిపోయి ఉంటుందట. కొంచెం కొంచెంగా గుర్తుచేయాలట. ఇవన్నీ ఆమె పోయిన నెలకి నేనొక్కదాన్నే చీటీ పట్టుకుని బెజవాడ వెళ్ళి అడిగితే డాక్టరుగారు చెప్పారు. ఆ మాటకు అర్థం కూడా అప్పుడే తెలిసింది. ఆ గురువారమైనా, శుక్రవారమైనా మళ్ళీ మాత్ర మొదలుపెట్టి తీసుకొస్తే దక్కేదమ్మా అన్నారాయన. బియ్యం డ్రమ్ము ఆమె మంచానికి మూడు అడుగుల దూరంలో ఉంది. ఆ రెండు రోజులూ అందులోంచి బియ్యం తీసి వండుతూనే ఉన్నాను.

కానీ ఆ గురువారం నాకు తెలిసింది వాంతులొక్కటే. పెరట్లో గోడకు చెయ్యి ఆనించి వంగిపోయి కక్కుతున్న ఆమెను వెనక నుంచి చూశాను. పెరిగిన నడుం చూశాను. తీగ మీద లేని గుడ్డలు గుర్తొచ్చాయి. మాణిక్యమ్మ లెక్కంతా నా వేళ్ళ మీదికొచ్చింది. బోర్డింగుకి సరుకులు తెచ్చేవాళ్ళూ, కట్టెలు దింపేవాళ్ళూ, ఒక్కొక్క మగాడి మొహం నా కళ్ళ ముందు తిరిగింది. నన్ను ఏరి తెచ్చుకున్న మనిషి గురించి అలా ఆలోచించాను.

లోపలికి తీసుకొచ్చి పడుకోబెట్టి, తలుపు వేసి, అడిగాను.

"వదినా, నాతో నిజం చెప్పు. నేనెవరికీ చెప్పను."

ఆమె కళ్ళు తెరిచి నన్ను చూసింది. కోపం లేదు. ఏదో వస్తువు పోగొట్టుకుని వెతుక్కుంటున్నట్టు చూసింది.

"ఎన్నో నెలంటున్నారు?"

నాలుగో నెల అన్నాను.

"మగాడెవరో కూడా వాళ్ళే చెప్తారా, నన్ను వెతుక్కోమన్నారా?"

నవ్వబోయింది. పెదాలు ఎండిపోయి నవ్వు అక్కడే అతుక్కుపోయింది. మంచినీళ్ళడిగింది. ఇస్తే అవి కూడా నిలవలేదు.

ఆ రోజే రిక్షా పిలిచి ఉండాలి. పిలవలేదు. కడుపు కాదని ఆమె తన తీరులో చెప్పనే చెప్పింది, నేను నమ్మలేదు. ఆస్పత్రిలో నలుగురి ముందు డాక్టరు ఆ మాట అనేస్తే మా ఆయన మొహం ఎక్కడ పెట్టుకుంటారని భయపడ్డాను. శనివారం ఆయన వచ్చాక ఇంట్లోనే చెప్పి, ఏదో ఒకటి చేద్దామనుకున్నాను. నిమ్మరసం ఇచ్చాను, అల్లం దంచి ఇచ్చాను. వేవిళ్ళకు ఇచ్చేవే ఇచ్చాను. ఏం ఇస్తున్నానో ఆమెకు తెలుసు. వంటమనిషి కదా. అయినా తాగింది.

శుక్రవారం మంచం దిగలేదు. మాట ముద్దగా వచ్చింది. పిల్లలకు వడ్డించారా అని రెండుసార్లు అడిగింది. వడ్డించారన్నాను. శనివారం పొద్దున ఒళ్ళు చల్లబడి చెమటలు పోస్తుంటే, అప్పుడు పరుగెత్తి, మా వీధిలో రిక్షా తొక్కే మౌలాలిని పిలిచాను. అతనే ఆమెను ఎత్తి కూర్చోబెట్టాడు. బెజవాడ బస్సు అందుకుందామని బయల్దేరాం. ఆమె తల నా భుజం మీద ఉంది. బస్టాండు కనపడుతుండగా ఆ తల ఇంకా బరువెక్కింది. మౌలాలి వెనక్కి తిరిగి చూశాడు. దిగి, రిక్షా హ్యాండిలు పట్టుకుని మెల్లగా ఇంటి వైపు తిప్పాడు. ఎక్కి తొక్కలేదు, ఇంటి దాకా నడిపించుకుంటూ వచ్చాడు.

అందరికంటే ముందు వచ్చింది మాణిక్యమ్మే. నీళ్ళు కాచింది, ఇంట్లోంచి మగవాళ్ళను పంపేసింది, తలుపు వేసింది. మా ఆయన అప్పుడే బస్సు దిగి వచ్చి బయట అరుగు మీద కూర్చున్నారు. నేనూ మాణిక్యమ్మా ఇద్దరమే లోపల ఉన్నాం. దుప్పటి కప్పి, దాని కిందే తడిబట్టతో ఒళ్ళు తుడిచాం. నడుం మీద, కడుపు మీద ఊదారంగు చారలున్నాయి, ఎవరో వేళ్ళతో గీరినట్టు. మాణిక్యమ్మ చెయ్యి కడుపు దగ్గరికొచ్చి ఆగింది. బట్ట పక్కన పెట్టింది. అరచెయ్యి పరిచి నొక్కింది. బొడ్డు కింద ఇంకోసారి, కాస్త గట్టిగా నొక్కింది. పురుళ్ళు పోసిన చెయ్యి, దానికి తెలుస్తుంది. తర్వాత నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు. బయటికి వెళ్ళాక ఆవిడే వీధి వీధంతా తిరిగి, పాపం ఏమీ లేదు, ఒట్టి మందుల ఉబ్బే అని చెప్పింది. సిస్టర్లు వచ్చారు, పిల్లలు వరసగా వచ్చారు. అందరూ నమ్మారు.

ఆ రోజు నుంచి ఈ రోజు దాకా నేను మాణిక్యమ్మను ఒక్క మాట అనలేదు. ఎంత మంచిదానివే అంటుంది మా ఆయన చెల్లెలి వరసావిడ. మంచితనం కాదు. బట్ట పిండుకోవడానికి ఆవిడ అటు తిరిగినప్పుడు, ఆవిడ తల అడ్డంగా ఊపడం చూశాక కూడా, నేను దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చి, అక్కడే పెట్టి, నొక్కి చూశాను.